ఎవరిదీ గొంతు? బ్రిటిష్ టీవీలో ప్రముఖుల పాటల ఆటలు

2021 ఫిబ్రవరి 13, శనివారం రాత్రి. లాక్‌డౌన్‌లో ఇల్లు కదలకుండా కూర్చున్న బ్రిటన్‌లో లక్షల కుటుంబాలు ఐటీవీ చానల్‌లో, ముసుగు వేషాల్లో పాడే ప్రముఖులెవరో కనిపెట్టే ‘మాస్క్‌డ్ సింగర్’ పోటీ ఫైనల్‌లో, ఒక సాసేజ్ (మాంసం కూరి చేసే గొట్టంలాంటి వంటకం) పాడుతుండగా విన్నాయి. మనిషి ఎత్తు సాసేజ్, దాని మెడ చుట్టూ బంగాళాదుంప చిప్స్, ఆ మొత్తాన్ని చుట్టిన వార్తాపత్రిక కాగితం. ఇంగ్లండ్‌లో వీధి మలుపు దగ్గరి చిప్స్ దుకాణంవాడు కట్టిచ్చే పొట్లాన్నే వేషంగా కుట్టారన్నమాట. ఆ పొట్లంలోంచి వస్తున్న గొంతు నటి షెరిడన్ స్మిత్‌దని అప్పటికి కొన్ని వారాలుగా చాలామంది నమ్ముతున్నారు. ముసుగు తీసేసరికి లోపల ఉన్నది జాస్ స్టోన్. పదహారేళ్ల వయసులో, 2003లోనే, తొలి ఆల్బమ్‌తో ప్రపంచానికి తెలిసిన గాయని ఆమె; అమెరికా నల్లజాతివారి సంగీతంలోంచి పుట్టిన సోల్ పాటలు పాడుతుంది. ఆ పాటలు రికార్డయిన రోజుల్లో ఆమె గర్భవతి. ఫైనల్ ప్రసారమయ్యే నాటికి తల్లి కూడా అయింది.

ఈ సంఘటనలో ఆశ్చర్యపరిచేది వేషం కాదు. ఇంత పేరున్న, ఇంత ప్రత్యేకమైన గొంతు ఉన్న గాయనిని ఇన్ని వారాలపాటు ఒక దేశం పోల్చుకోలేకపోయింది. అదే జాస్ స్టోన్ 2007లో బ్రిటన్ సంగీత పురస్కారాలైన బ్రిట్ అవార్డుల వేదికపై కాస్త అమెరికన్ యాసలో మాట్లాడినందుకు అక్కడి పత్రికలు ఆమెను చాలాకాలం ఎగతాళి చేశాయి. ఆమె గొంతు గురించి ప్రతి ఒక్కరికీ ఏదో ఒక అభిప్రాయం ఉంది, కానీ గొంతు మాత్రం గుర్తులేదు. ప్రముఖుల చేత పాడించే ఆటలను బ్రిటిష్ టెలివిజన్ చాలాకాలంగా, చాలా రూపాల్లో ప్రయత్నించింది. వాటిలో ఎక్కువ భాగం ఒకటి రెండేళ్లకు మించి బతకలేదు. ‘మాస్క్‌డ్ సింగర్’ మాత్రం ఎందుకు నిలదొక్కుకుందో అర్థం చేసుకోవాలంటే, మిగతావి ఎక్కడ తడబడ్డాయో ముందు చూడాలి.

ఈ కథకు పూర్వరంగంగా ‘స్టార్స్ ఇన్ దెయిర్ ఐస్’ను చెప్పుకోవాలి. నెదర్లాండ్స్‌లోని ‘సౌండ్‌మిక్స్ షో’ ఆధారంగా 1990లో ఐటీవీలో మొదలై 2006 వరకు నడిచిన ఈ కార్యక్రమంలో మామూలు మనుషులు వచ్చి, పొగల మధ్య తలుపు దాటి, తాము అభిమానించే గాయకుడి వేషంలో ప్రత్యక్షమయ్యేవారు. వ్యాఖ్యాత మాథ్యూ కెల్లీని ఉద్దేశించి “ఈ రాత్రి, మాథ్యూ, నేను ఫలానా గాయకుణ్ణి కాబోతున్నాను” అని వారు చెప్పే మాట ఆ దేశంలో ఇంటింటి నానుడి అయింది. మధ్యమధ్య ప్రముఖులతోనూ ప్రత్యేక ఎపిసోడ్లు చేశారు. ఊరూపేరూ తెలియని మనిషి ఒక్క రాత్రికి పేరున్న గొంతును అరువు తెచ్చుకోవడం అక్కడి ఆకర్షణ. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన ముసుగుల ఆట దీన్ని సరిగ్గా తలకిందులు చేసింది: పేరున్న మనిషి ఒక్క రాత్రికి పేరును వదులుకుంటాడు.

ఈ రెంటి మధ్య కాలమంతా బ్రిటిష్ చానళ్లు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ఈ ప్రముఖుడు పాడగలడా, లేడా? 2003లో బీబీసీ తన పాటల పోటీ ‘ఫేమ్ అకాడమీ’ని కామిక్ రిలీఫ్ అనే ధర్మసంస్థ విరాళాల కోసం ప్రముఖులతో నడిపింది. ఉత్తర లండన్‌లోని హైగేట్ ప్రాంతంలో ఉన్న విటన్‌హర్స్ట్ అనే పెద్ద భవనంలో వారిని ఉంచి, క్యారీ గ్రాంట్, డేవిడ్ గ్రాంట్ దంపతుల చేత గాత్ర శిక్షణ ఇప్పించి, రాత్రి వేదిక ఎక్కించారు. నటుడు విల్ మెలర్ గెలిచాడు. గాయనిగా ఏ పేరూ లేని హాస్యనటి రూబీ వాక్స్ రెండో స్థానం దాకా వచ్చింది. అది ధర్మకార్యం కాబట్టి అపస్వరాన్ని కూడా జనం ఆప్యాయంగా విన్నారు. 2005లో, 2007లో మళ్లీ చేశారు. విరాళం అనే కారణం పాటకు ఒక రక్షణ కవచంలా పనిచేసింది; దాన్ని తీసేస్తే ఏమవుతుందో 2006 చూపించింది.

ఆ ఒక్క సంవత్సరం మొదటి ఆరు నెలల్లోనే ఇలాంటివి మూడు వచ్చాయి. జనవరిలో ఐటీవీ ‘సోప్‌స్టార్ సూపర్‌స్టార్’ పేరుతో సీరియల్ నటుల చేత పాడించింది. ‘కొరొనేషన్ స్ట్రీట్’ కుర్ర నటుడు రిచర్డ్ ఫ్లీష్‌మన్ గెలిచాడు. కొద్ది వారాలకే బీబీసీ ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’లో ఒక ప్రముఖుడికి ఒక వృత్తి గాయకుణ్ణి జోడీ చేసి యుగళగీతాలు పాడించింది, నటి షాన్ రీవ్స్, గాయకుడు రస్సెల్ వాట్సన్ జంట నెగ్గింది. వేసవి వచ్చేసరికి, కొత్త గాయకులను వెతికే ‘ఎక్స్ ఫ్యాక్టర్’ పోటీ జడ్జీల ముందుకు ప్రముఖులను నిలబెట్టిన ‘బ్యాటిల్ ఆఫ్ ద స్టార్స్’ నడిచింది. ‘ఈస్ట్ఎండర్స్’ సీరియల్ నటి లూసీ బెంజమిన్ గెలిచింది. ఇంద్రజాలికుడు పాల్ డేనియల్స్ భార్యతో కలిసి పాడింది కూడా ఇందులోనే. ఈ మూడింటిలో ఏదీ రెండు సీజన్లు దాటలేదు. మూడోదైతే ఆ ఒక్కసారితోనే ఆగిపోయింది. ‘ఎక్స్ ఫ్యాక్టర్’ మళ్లీ ప్రముఖుల జోలికి వెళ్లింది 2019లోనే, అదీ ఒక్క సీజన్‌కే.

ఇదే కాలంలో ప్రముఖుల చేత నాట్యం చేయించే ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్’ 2004లో బీబీసీలో మొదలై, రెండు దశాబ్దాలు దాటినా ఆ దేశపు శరత్కాలపు శనివారాలను ఏలుతూనే ఉంది. పాటకు పట్టని అదృష్టం నాట్యానికి ఎందుకు పట్టింది? నిర్మాతల నేర్పులో తేడా కన్నా, ఈ రెండు విద్యల స్వభావంలోని తేడాయే ఇందుకు ప్రధాన కారణం. నాట్యం రాని మనిషి పది వారాలు రోజూ సాధన చేస్తే అడుగులు పడతాయి, వెన్ను నిటారవుతుంది, బరువు తగ్గుతుంది. ప్రతి వారం ఆ మార్పు కంటికి కనిపిస్తుంది. నిన్న తూలిన మనిషి ఇవాళ తిన్నగా తిరగడమే ఒక కథ. గొంతు అలా లొంగదు. శ్రుతి నిలవని గొంతుకు శ్రుతి పట్టించడం ఏళ్ల తరబడి సాగే సాధన. ఆరు వారాల శిక్షణలో వచ్చే మెరుగుదల గురువుకు తెలుస్తుందేమో గానీ సోఫాలో కూర్చున్న ప్రేక్షకుడికి తెలియదు. మొదటి వారం పాడగలిగినవాడే చివరి వారమూ పాడతాడు, మధ్యలో కథ ఏమీ ఉండదు.

మరొక తేడా కూడా ఉంది. నాట్యం రానివారి నాట్యం చూడముచ్చటగా ఉండగలదు. మాజీ మంత్రి ఆన్ విడికోమ్ 2010లో స్ట్రిక్ట్‌లీ వేదికపై ఒక్క అడుగూ సరిగా వేయకపోయినా, జనం ఆమెకు వారం వారం ఓట్లు వేసి నిలబెట్టారు. చెడు పాట అలా కాదు. కంటికి నచ్చనిదాన్ని నవ్వుతూ చూడొచ్చు, చెవికి గుచ్చుకునేదాన్ని మూడు నిమిషాలు భరించడం కష్టం. పాడేవాడి ఇబ్బంది వినేవాడి ఒంట్లోకి కూడా పాకుతుంది. ఈ సమస్యకు పరిష్కారం వెతకకుండా అదే ఆటను కొత్త పేరుతో మళ్లీ మళ్లీ అమ్మడమే ఆనాటి చానళ్లు చేసిన పొరపాటు.

దానికి తోడు నమ్మకం కూడా దెబ్బతింది. ఈ ఆటలన్నీ ఫోన్ ఓట్ల మీద నడిచేవి. ప్రతి కాల్‌కూ ప్రేక్షకుడి జేబులోంచి డబ్బు పోయేది. 2007లో బ్రిటన్‌లో ఫోన్ ఓట్ల కుంభకోణం బయటపడినప్పుడు దొరికిన కార్యక్రమాల్లో ‘సోప్‌స్టార్ సూపర్‌స్టార్’ కూడా ఉంది. పోటీదారు ఏ పాట పాడాలో ప్రేక్షకులు డబ్బు కట్టి ఓటేసి చెప్పినా, నిర్మాణ బృందం కొన్నిసార్లు ఆ తీర్పును పక్కనపెట్టి తనకు నచ్చింది చేసిందని విచారణలో తేలింది. 2008 మేలో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఇలాంటి పలు కార్యక్రమాలకు కలిపి ఐటీవీ సంస్థలపై 56.75 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. ప్రేక్షకుడి ఓటును అడిగి తీసుకుని, డబ్బు కూడా పుచ్చుకుని, దాన్ని లెక్కచేయకపోవడం చిన్న తప్పు కాదు. ఆ జరిమానా న్యాయమైనదే.

తర్వాతి ప్రయత్నాల్లో ‘పాప్‌స్టార్ టు ఒపేరాస్టార్’ ఒక్కటి కాస్త ఆగి ఆలోచించదగింది. 2010, 2011ల్లో ఐటీవీలో వచ్చిన ఈ పోటీ పాడటం రానివారిని పిలవలేదు. పాప్ పాటలు పాడి బతికే గాయకులను పిలిచి, పాశ్చాత్య సంగీత నాటకమైన ఒపేరాలో మైకును నమ్ముకోకుండా పాడే గాత్రం నేర్చుకోమంది. మెక్సికోలో పుట్టిన టెనర్ (హెచ్చు స్థాయి మగ గొంతు గాయకుడు) రొలాండో వియాసోన్, వేల్స్ గాయని క్యాథరిన్ జెంకిన్స్ వారికి గురువులు. పాప్ గాయకుడు మైకుకు పెదవి ఆనించి గుసగుసగా పాడినా నడుస్తుంది; ఒపేరా గాయకుడు వాద్యబృందాన్ని దాటుకుని చివరి వరుసకు వినపడేలా పాడాలి, అంటే ఊపిరి తీసే పద్ధతి దగ్గర్నుంచి మార్చుకోవాలి. ఆ తేడా వారంవారం వినపడింది. తొలి ఏడాది డేరియస్ క్యాంబెల్, మరుసటి ఏడాది 2009 ఎక్స్ ఫ్యాక్టర్ విజేత జో మెకెల్డెరీ గెలిచారు. నేర్చుకోవడమనే కథ పాటలోనూ సాధ్యమేనని ఇది నిరూపించింది, కానీ శనివారపు కుటుంబ ప్రేక్షకులకు ఒపేరా దగ్గరి చుట్టం కాదు. 2013లో స్పెయిన్ నుంచి తెచ్చిన ‘యువర్ ఫేస్ సౌండ్స్ ఫెమిలియర్’లో ప్రముఖులు ఇతర గాయకుల వేషాల్లో పాడారు, చాలా దేశాల్లో ఏళ్లుగా నడుస్తున్న ఆ ఆట బ్రిటన్‌లో ఒక్క సీజన్‌తో సరిపెట్టుకుంది.

పరిష్కారం కొరియా నుంచి వచ్చింది. దక్షిణ కొరియాలో ఎంబీసీ చానల్ 2015లో మొదలుపెట్టిన ముసుగు గాయకుల పోటీ ముందు ఆసియా దేశాలకు పాకింది. లాస్ ఏంజెలెస్‌లోని ఒక థాయ్ రెస్టారెంట్‌లో, టీవీలో వస్తున్న థాయ్ రూపాన్ని భోజనం చేస్తున్న జనమంతా తలెత్తి చూడటం గమనించిన అమెరికన్ నిర్మాత క్రెయిగ్ ప్లెస్టిస్ దాన్ని ఫాక్స్ చానల్‌కు తీసుకెళ్లాడు. అక్కడ 2019 జనవరిలో మొదలైంది. సరిగ్గా ఏడాదికి, 2020 జనవరి 4న, బ్యాండికూట్ సంస్థ నిర్మాణంలో ఐటీవీలో వచ్చింది. తన ఆటలను ప్రపంచానికి అమ్మడానికి అలవాటుపడ్డ బ్రిటిష్ టెలివిజన్, ఆసియాలో పుట్టిన ఆటను కొనుక్కుని తన శనివారానికి నడిబొడ్డున పెట్టుకోవడం ఆ పరిశ్రమ చరిత్రలో చెప్పుకోదగ్గ మలుపే.

ఆట నియమాలు సులువు. తొలి సీజన్‌లో పన్నెండు మంది ప్రముఖులు పన్నెండు వేషాల్లో వచ్చారు. తల నుంచి కాలి వరకు చర్మం కనపడదు. పాడే ముందు కొన్ని ఆధారాలతో ఒక చిన్న వీడియో వేస్తారు. అందులో మాట్లాడే గొంతును యంత్రంతో మార్చేస్తారు. పాట మాత్రం సొంత గొంతుతోనే. స్టూడియోలోని ప్రేక్షకులు ఓటు వేస్తారు, అడుగున మిగిలినవారిలో ఎవరిని కాపాడాలో, ముసుగు వెనక ఎవరున్నారో ఊహించే నలుగురి ప్యానెల్ తేలుస్తుంది, దిగిపోయేవారు “తీసెయ్, తీసెయ్” అన్న కేకల మధ్య ముసుగు తీస్తారు. జోయెల్ డొమెట్ వ్యాఖ్యాత. జొనాథన్ రాస్, డవీనా మెకాల్, రీటా ఓరా, కెన్ జియాంగ్ తొలి ప్యానెల్; కోవిడ్ ప్రయాణ ఆంక్షలతో జియాంగ్ రాలేకపోవడంతో రెండో సీజన్ నుంచి ఆ కుర్చీలో మో గిల్లిగన్ కూర్చున్నాడు. విజేతకు నగదు బహుమతి లేదు, బంగారు రంగు ముసుగు ఒకటి ఇస్తారు. రిహార్సల్‌కు వచ్చేటప్పుడు పోటీదారులు మొహం కప్పుకుని, “నాతో మాట్లాడొద్దు” అని రాసిన చొక్కా తొడుక్కుని నడుస్తారు. రహస్యం కోసం మొత్తం ముందే రికార్డు చేయాలి కాబట్టి ఇంటి నుంచి ఫోన్ ఓటు అసలు కుదరదు. 2007 నాటి మచ్చకు ఈ ఆటలో చోటు లేకపోవడం దాని నిర్మాణంలోనే ఉంది.

అసలు విశేషం ఈ నియమాల వెనక ఉంది. పాటల పోటీలను చంపుతూ వచ్చిన చెడు పాట సమస్యను ఈ ఆట ఒక్క దెబ్బతో తీర్చేసింది, ఎందుకంటే ఇక్కడ చెడు పాట కూడా ఒక ఆధారమే. ప్రాచీన ఈజిప్టు రాజు ఫారో వేషంలోని మనిషి తడబడుతూ పాడితే వినేవాడు చెవులు మూసుకోడు. “ఇతను గాయకుడు కాదు, వయసు మళ్లినవాడు, లండన్ మనిషిలా ఉన్నాడు” అని లెక్కలు కడతాడు. ముసుగు తీస్తే అతను మాజీ హోంమంత్రి అలన్ జాన్సన్. పోస్ట్‌మన్‌గా ఉత్తరాలు పంచి, అంతకు ముందు కుర్రతనంలో రాక్ గాయకుడు కావాలని కలగన్న మనిషి. చెట్టు వేషంలోంచి ఫుట్‌బాల్ ఆటగాడు టెడ్డీ షెరింగమ్ బయటపడ్డాడు. అపస్వరం పాపం కాకుండా సమాచారంగా మారిన క్షణంలో, పదిహేనేళ్లుగా ఎవరూ దాటించలేని అడ్డంకి తొలగిపోయింది.

తెలుగువారికి ఈ ఆటలోని కిటుకు కొత్తగా అనిపించదు. అజ్ఞాతవాసంలో విరాటుడి కొలువుకు వచ్చిన బృహన్నలను చూసినవారు గాండీవధారిని చూడలేదు. ఉత్తరకు నేర్పిన ఆటపాటల నేర్పునే చూశారు. పేరు దాచుకున్నప్పుడు విద్య ఒక్కటే సాక్ష్యం చెబుతుంది. ఇక సినిమా సంగతికొస్తే, తెర మీద ఒకరి పెదవులు కదులుతుంటే మరొకరి గొంతు వినడం మూడు తరాల అలవాటు. రేడియోలో పల్లవి మొదటి మాటకే “ఇది ఘంటసాల, ఇది పి.బి. శ్రీనివాస్” అని చెప్పేయగల శ్రోతలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. నేపథ్యగానం లేని బ్రిటన్‌లో మొహం, గొంతు ఒకే మనిషివై, పత్రికలు ఆ మనిషి గురించి రాసిందంతా గొంతుకు అంటుకుని ఉంటుంది. ముసుగు ఆ అంటును విడదీస్తుంది.

అందుకే తొలి విజేత నికోలా రాబర్ట్స్ కథ ఈ ఆటకు బాగా అతికింది. 2002లో టీవీ పోటీ ద్వారానే ఏర్పడిన గర్ల్స్ అలౌడ్ బృందంలో ఆమె ఒకరు. టీనేజీ దాటని వయసు నుంచే ఆమె పాలిపోయిన ఒంటి రంగు గురించి, మొహం గురించి పత్రికలు రాసిన రాతలు క్రూరమైనవి. అయిదుగురి బృందంలో ఆమె గొంతుకు దక్కిన చోటు కూడా తక్కువే. రాణి తేనెటీగ వేషంలో మొహం మాయమైంది, బృందం మాయమైంది, మిగిలింది ఒక్క గొంతు. 2020 ఫిబ్రవరి ఫైనల్‌లో ఆమె హాస్యనటుడు జేసన్ మాన్‌ఫర్డ్‌నూ క్యాథరిన్ జెంకిన్స్‌నూ దాటి గెలిచింది. పదేళ్ల కిందట ఒపేరా పోటీలో గురువు కుర్చీలో కూర్చున్న అదే జెంకిన్స్, ఇక్కడ ఆక్టోపస్ వేషంలో మూడో స్థానంతో సరిపెట్టుకుంది. రెండో ఏడాది గెలిచిన జాస్ స్టోన్‌ను ఎగతాళి చేసింది యాస గురించి, నికోలాను మొహం గురించి. ఇద్దరినీ ముందుగా పేరు చెప్పి నిలబెట్టి ఉంటే ఆ తీర్పు వచ్చేదా అన్నది గట్టిగా అనుమానించవలసిన విషయం.

2023 జనవరిలో దెయ్యం వేషంలోంచి బయటికొచ్చిన మనిషి మరొక కారణంగా గుర్తుండిపోతాడు. క్రిస్ కమారా మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు, స్కై స్పోర్ట్స్‌లో ఏళ్ల తరబడి గడగడా మాట్లాడి జనాన్ని నవ్వించిన వ్యాఖ్యాత. మెదడు నుంచి నోటి కండరాలకు అందాల్సిన ఆదేశం తడబడే అప్రాక్సియా అనే స్థితి తనకుందని 2022లో వెల్లడించి, ఆ వృత్తిని వదులుకున్నాడు. మాటే జీవనాధారమైన మనిషికి మాట ఎదురుతిరిగింది. అలాంటివాడు కొన్ని నెలలకే పెద్ద తెల్లటి దెయ్యం బొమ్మలో దూరి, వేదిక మధ్య నిలబడి పాట పూర్తిగా పాడాడు. ఆ సీజన్‌లో మొదట దిగిపోయిందీ అతనే. కానీ పాడుతున్నంతసేపూ అతన్ని ఎవరూ జాలిగా వినలేదు. ఎవరై ఉంటాడా అని మాత్రమే విన్నారు. తెలిసిన మొహంతో నిలబడి ఉంటే అతనికి ఆ మూడు నిమిషాల మామూలుతనం దక్కేది కాదు.

లోపాలు లేవని కాదు. వృత్తి గాయకులు, ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఒకే పోటీలో ఉంటే చివరికి నెగ్గేది గాయకులే. విజేతల జాబితానే అందుకు సాక్ష్యం: నాటలీ ఇంబ్రూలియా, బస్టెడ్ బృందపు చార్లీ సింప్సన్, మెక్‌ఫ్లై బృందపు డానీ జోన్స్, రంగస్థల గాయని సమాంతా బార్క్స్. వీరిలో డానీ జోన్స్ 2010లో ఒపేరా పోటీలో పాడి నెగ్గలేకపోయినవాడు; పద్నాలుగేళ్ల తర్వాత పిరాన్హా చేప వేషంలో గెలిచాడు. ప్యానెల్ కూడా ఆధారాలను వదిలేసి, శనివారం స్టూడియోకు ఎన్నడూ రాని హాలీవుడ్ తారల పేర్లు చెబుతూ సమయం నింపడం తరచుగా విసుగు పుట్టిస్తుంది. ఇంట్లో పిల్లలు కనిపెట్టిన జవాబు వాళ్లకు తట్టలేదంటే నమ్మడం కష్టం.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ముందుంది. ఇది పొడుపుకథ, పొడుపుకథకు జవాబు అందరికీ తెలిసిన వస్తువై ఉండాలి. నాలుగు చానళ్లే ఉన్న రోజుల్లో దేశమంతా ఒకే మనుషులను చూసేది, ఒకే పాటలు వినేది. ఇప్పుడు తాతకు తెలిసినవారు మనవడికి తెలియదు, మనవడి ఫోన్‌లో కోటి మంది చూసే కుర్రాడు తాతకు తెలియదు. అయిదో సీజన్ తొలి వారాల్లోనే వాతావరణం అనే వేషంలోంచి ఎనభై మూడేళ్ల అమెరికన్ గాయని డియోన్ వార్విక్ బయటికొచ్చింది. అరవైలు, డెబ్భైల రేడియో వింటూ పెరిగినవారికి ఆ గొంతు ముసుగు ఉన్నప్పుడే తెలిసిపోయే గొంతు. అదే గదిలో నేల మీద కూర్చుని చూస్తున్న పిల్లలకు, ముసుగు తీశాక కూడా, ఆమె ఎవరో పెద్దవాళ్లే చెప్పాల్సి వస్తుంది.